ఇల్లు మారితే కూలి పెరుగుతుందా?

మన సభ్యులలో కొందరు ప్రభుత్వ కాలనీ ఇల్లు విడిచి మంచి పేటకు పోదామని తలుస్తున్నారు. మరికొందరు మగ్గం కదల్చడానికి వెనుకాడుతున్నారు. ఇట్టి ప్రశ్నపైనే అమెరికాలో ఒక పెద్ద పరీక్ష జరిగింది. దాని ఫలితం మన కుటుంబాలు తెలుసుకోదగినది.

1994 మొదలు 1998 వరకు బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజిలిస్, న్యూయార్క్ నగరాలలో ప్రభుత్వ గృహాలలో వుండిన సుమారు 4,600 పేద కుటుంబాలను చీట్లు వేసి మూడు భాగాలు చేశారు. మొదటి భాగానికి, పేదలు నూటికి పదిమంది లోపు వున్న పేటలలోనే చెల్లే అద్దె సహాయ పత్రం ఇచ్చారు. రెండవ భాగం వారు ఆ సహాయంతో ఏ పేటకైనా పోవచ్చును. మూడవ భాగానికి కొత్త పత్రం ఇవ్వలేదు. పత్రం చేతికి వచ్చినంత మాత్రాన ఇల్లు దొరకదు గదా! మొదటి భాగంలో సగానికి కొంచెం తక్కువమందే కొత్త పేటకు చేరగలిగారు.

పది పదిహేనేండ్ల తరువాత చూడగా పెద్దల సంపాదన పెరగలేదు. అయితే మనసుకు నెమ్మది కలిగింది. మితిమీరిన స్థూలకాయం, మధుమేహం వారిలో తక్కువగా కనిపించాయి.

పిల్లల సంగతి వేరు. రాజ్ చెట్టి, నతానియెల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన లెక్కల ప్రకారం, మొదటి రకం పత్రంతో 13 ఏండ్లు నిండకముందే పేట మారిన పిల్లలు పాతికేండ్ల ప్రాయానికి, మారని వారికంటె నూటికి 31 వంతులు ఎక్కువ సంపాదించారు. కాలేజీకి పోయినవారూ ఎక్కువే. 13 దాటి మారిన పిల్లలకు ఆ లాభం లేదు. కొంత నష్టమే కనిపించింది.

అమెరికా పేటలు వేరు, మన పేటలు వేరు. పైగా మనకు ఇల్లే కార్ఖానా. మేడ మీది గదిలో మగ్గం గుంట తవ్వలేము. పడుగు చాపి గంజి పెట్టడానికి వీధి కావాలి. కండెలు చుట్టే పెద్దమ్మ, అచ్చు అతికే పొరుగువాడు దగ్గర వుండాలి. ఇవి చూచుకోకుండా పోతే పని దినాలు పోతాయి.

కనుక కూలి పెరుగుతుందని ఆశపడి ఇల్లు మారవద్దు. సలహాకు వచ్చేవారిని నేను మొదట అడిగేది ఒక్కటే: పిల్లల వయసెంత? మగ్గానికి చోటు, దగ్గరలో మంచి బడి రెండూ కుదిరితే, బిడ్డలు చిన్నవారై వుండగానే మారడం మేలు. పెద్ద తరగతి చదివే బిడ్డ వుంటే ఆ చదువు ముగిసేవరకు ఆగండి.