అందరి ముద్రణయంత్రం

తాటాకుపై గంటంతో వ్రాసిన కాలంలో ఒక గ్రంథానికి మరొక ప్రతి కావాలంటే లేఖకుడు దానిని మొదటినుండి చివరివరకు తిరిగి వ్రాయవలసి వచ్చేది. ముద్రణయంత్రం ఆ శ్రమను తొలగించింది. కంప్యూటర్ రాకతో ముద్రణ ప్రతి కార్యాలయానికీ, విద్యాలయానికీ చేరువైంది. అయితే ఒక్కొక్క కంప్యూటర్‌కు ఒక్కొక్క ప్రింటర్‌ను సమకూర్చడం వ్యయంతో కూడిన పని. పలు కంప్యూటర్లు పంచుకొనే ఒకే ప్రింటర్‌ను నెట్‌వర్క్ ప్రింటర్ అంటారు. లినక్స్ వంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంలో దానిని అమర్చుకొనే విధానాన్ని తెలుసుకుందాం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ ప్రింటర్‌కూ గల అనుబంధం పాతది. 1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్‌ను బహూకరించింది. దానిలో కాగితం తరచుగా ఇరుక్కొనేది. అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ అంతకు పూర్వపు ప్రింటర్ ప్రోగ్రామును సవరించి, కాగితం ఇరుక్కోగానే ఆ సమాచారం వేచి ఉన్నవారికి తెలిసేటట్లు చేశాడు. క్రొత్త యంత్రానికి అట్లా చేయడం సాధ్యపడలేదు. దాని ప్రోగ్రాముకు మూలపాఠాన్ని, అనగా సోర్స్ కోడ్‌ను, సంస్థ ఇవ్వలేదు. ఆ మూలపాఠం కలిగిన మరొక విశ్వవిద్యాలయ పరిశోధకుడు, దానిని ఇతరులకు ఇవ్వనని ఒప్పందం చేసుకొన్నానంటూ నిరాకరించాడు. ఆ నిరాకరణ స్టాల్‌మన్‌ను తీవ్రంగా ఆలోచింపజేసింది. 1983లో అతడు గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన లినక్స్ కెర్నల్ దానికి తోడు కావడంతో సంపూర్ణమైన స్వేచ్ఛా వ్యవస్థ ఏర్పడింది.

ఈ వ్యవస్థలో ముద్రణభారాన్ని వహించేది కప్స్ అనే సాఫ్ట్‌వేర్. మైకేల్ స్వీట్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ 1999లో విడుదలైంది. 2007లో ఆపిల్ సంస్థ దీనిని కొన్నప్పటికీ మూలపాఠం అందరికీ అందుబాటులోనే నిలిచింది. మనం ముద్రణకు ఆజ్ఞ ఇచ్చిన పత్రాన్ని కప్స్ ముందుగా ఒక వరుసలో నిలుపుతుంది. తరువాత దానిని ప్రింటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చి, నెట్‌వర్క్ మీదుగా పంపుతుంది. అక్షరాల ఆకృతులు పత్రంతోపాటే వెళ్లడం వల్ల తెలుగు ఎరుగని ప్రింటర్ సైతం తెలుగును చక్కగా ముద్రిస్తుంది.

ఇక అమరిక. మొదట ప్రింటర్‌ను కేబుల్ ద్వారా గాని, వైఫై ద్వారా గాని మన కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్‌లోనే చేర్చాలి. అప్పుడు దానికి 192.168.1.50 వంటి ఒక చిరునామా లభిస్తుంది. రూటర్ ఈ చిరునామాను మార్చే అవకాశం ఉంది. చిరునామా మారితే ఉత్తరం చేరదు కదా! అందుచేత ఆ సంఖ్యను ప్రింటర్‌కే కేటాయించేటట్లు రూటర్‌లో నిర్దేశించడం మేలు.

పిదప కంప్యూటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్ల విభాగాన్ని తెరచి, క్రొత్త ప్రింటర్‌ను చేర్చాలి. ఇటీవలి ప్రింటర్లు తమ ఉనికిని తామే నెట్‌వర్క్‌లో చాటుకొంటాయి. వాటిలో అధికభాగానికి వేరే డ్రైవర్ అవసరం లేదు. జాబితాలో కనిపించే పేరును ఎంచుకొంటే చాలు. పేరు కనిపించనప్పుడు చిరునామాను స్వయంగా టైపు చేయాలి. పాత ప్రింటర్లకు మాత్రం ఆ మోడల్‌కు తగిన డ్రైవర్ కావాలి. కనుక కొనేముందే ఆ ప్రింటర్ లినక్స్‌తో పనిచేస్తుందో లేదో విచారించుకోవాలి. చివరగా కాగితం పరిమాణాన్ని ఏ4గా నిర్ణయించి, ఒక పరీక్షాపత్రాన్ని ముద్రించి చూడాలి.

ముద్రణ జరగకపోతే ఆజ్ఞను పదేపదే ఇవ్వరాదు. అవన్నీ వరుసలో చేరి, లోపం తొలగగానే ఒకే పత్రం పలుమార్లు వెలువడుతుంది. ప్రింటర్ వెలిగి ఉన్నదా, చిరునామాకు బదులు పలుకుతున్నదా, వరుస నిలిచిపోయిందా అని క్రమంగా పరిశీలించాలి. ఒక పత్రం విఫలమైతే మొత్తం వరుసే ఆగిపోవచ్చు. ఆ పత్రాన్ని తొలగించి వరుసను తిరిగి నడిపిస్తే మిగిలినవారి పత్రాలు కదలుతాయి.

కాగితం ఇరుక్కొన్నదని నేడు ప్రింటర్లే కంప్యూటర్‌కు తెలుపుతున్నాయి. నాడు స్టాల్‌మన్ కోరినది ఈ చిన్న సౌకర్యమే. అది తన ఒక్కడికోసం కాదు, ఆ యంత్రం ముందు వేచి ఉన్న అందరికోసం. పదిమందికి ఉపయోగపడే యంత్రం చెడినప్పుడు దాని మర్మం తెలిసినవారు మరమ్మతు చేయగలగాలి. తెలియనివారికి నేర్చుకొనే అవకాశం ఉండాలి. మూలపాఠాన్ని దాచకపోవడంలోని ప్రయోజనం ఇదే.