ఇంటి కంప్యూటర్‌లో గేమ్ ఇంజిన్: ఏ కంపైలర్ తీసుకుందాం?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఒక గేమ్ చేస్తున్నాం, అందులో మ్యాప్ మీద ఈ మూడు పేర్లు తెలుగులో రాయాలి అనుకుందాం. చిన్న పనే కదా! కానీ గోడో 3 ఇంజిన్‌లో ఇది కుదరదు. 'గా'లో తలకట్టు పోదు, దీర్ఘం అతకదు. 'ల్లి' అయితే ల, పొల్లు, ఇంకో ల, గుడి అన్నీ విడివిడిగా పడతాయి. ఎందుకంటే ఆ ఇంజిన్ అక్షరాలను వరుసగా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోయేది. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది, మనకు సరిపోదు.

2023 మార్చిలో వచ్చిన గోడో 4.0లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ కలిపారు. ఒత్తులు, గుణింతాలు ఎలా కలవాలో అది చూసుకుంటుంది. గోడో 2014 నుంచి ఎంఐటీ లైసెన్స్‌తో ఓపెన్ సోర్స్. కాబట్టి ఇలాంటి మార్పు ఎవరైనా చేసి పంపొచ్చు, మనం కూడా.

గేమ్ మాత్రమే చేయాలంటే రెడీగా ఉన్న గోడో డౌన్‌లోడ్ చేస్తే చాలు, కంపైలర్ అక్కర్లేదు. ఇంజిన్‌నే మార్చాలంటే మాత్రం కావాలి. ఇంజిన్ అంటే వేల సీ++ ఫైళ్లు. కంపైలర్ ఒక్కో ఫైల్‌ని మెషిన్ కోడ్‌గా మారుస్తుంది, చివర్లో లింకర్ అన్నిటినీ ఒకే ప్రోగ్రామ్‌గా కలుపుతుంది. దీనికి డబ్బులు కట్టక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో తిరిగే క్రాక్ సాఫ్ట్‌వేర్ అసలే అక్కర్లేదు. మన ముందు మూడు దారులున్నాయి.

జీసీసీ: రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేశారు. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో వస్తుంది. విండోస్‌లో అయితే మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 రూపంలో దొరుకుతుంది. "జీసీసీది జీపీఎల్ లైసెన్స్ కదా, నా గేమ్ సోర్స్ కూడా బయటపెట్టాలా?" అని చాలామందికి డౌట్. అక్కర్లేదు. దాని రన్‌టైమ్ లైబ్రరీలకు ప్రత్యేక మినహాయింపు ఉంది.

క్లాంగ్: ఎల్ఎల్‌వీఎం ప్రాజెక్టులో భాగం. ఆ ప్రాజెక్టు 2000లో ఇల్లినాయి యూనివర్సిటీలో, క్రిస్ లాట్నర్ అక్కడ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు మొదలైంది. తప్పు ఎక్కడుందో అర్థమయ్యేలా చెప్పడంలో క్లాంగ్‌కి మంచి పేరు.

విజువల్ స్టూడియో కమ్యూనిటీ: స్టూడెంట్స్‌కి ఫ్రీ. కానీ సీ++ భాగం డౌన్‌లోడే కొన్ని జీబీలు. పైగా ఆ కంపైలర్ లోపల ఏముందో మనం చూడలేం, మార్చలేం.

ఇంగ్లిష్‌లో రెండిటికీ 'ఫ్రీ' అనే అంటారు. తెలుగులో ఆ గందరగోళం లేదు: ఒకటి ఉచితం, ఇంకొకటి స్వేచ్ఛ. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన మన తెలంగాణ ఉద్యమం పేరు కూడా 'స్వేచ్ఛ'నే. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే మనలాంటి వాళ్లకు జీసీసీ బెటర్ అని నా అభిప్రాయం. డేటా తక్కువ తింటుంది, పాత మెషిన్ మీదా నడుస్తుంది.

ఇంట్లో బిల్డ్ చేసేటప్పుడు నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

1. గిట్‌లో క్లోన్ చేసేటప్పుడు డెప్త్ 1 పెట్టండి. పాత హిస్టరీ రాదు, డేటా మిగులుతుంది.

2. గోడోని బిల్డ్ చేసేది స్కాన్స్ అనే పైథాన్ టూల్. మనం ఏమీ చెప్పకపోతే దాదాపు అన్ని కోర్‌లనూ వాడేస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే సిస్టమ్ బిగుసుకుపోతుంది. జాబ్స్ సంఖ్య 2 అని ఇవ్వండి. టైమ్ ఎక్కువ పడుతుంది, కానీ పని అవుతుంది.

3. లింక్ టైమ్ ఆప్టిమైజేషన్ జోలికి పోకండి. ర్యామ్ మొత్తం లాగేస్తుంది.

4. సీసీక్యాష్ పెట్టుకోండి. కంపైల్ అయిన ప్రతి ఫైల్ ఫలితాన్నీ దాచుకుంటుంది. మధ్యలో కరెంట్ పోయినా, అప్పటిదాకా అయిన ఫైళ్లు మళ్లీ మొదటి నుంచి కంపైల్ కావు.

ఇంకో జాగ్రత్త. సైజు తగ్గిద్దామని కొందరు అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ సర్వర్ మాడ్యూల్ తీసేసి, ఫాల్‌బ్యాక్ పెడతారు. హార్ఫ్‌బజ్ ఉండేది ఆ తీసేసిన దాంట్లోనే. ఇంగ్లిష్ గేమ్‌లో తేడా కనిపించదు, తెలుగు మాత్రం విరిగిపోతుంది.

మొదటి ఎక్సర్‌సైజ్ కూడా అదే పెట్టుకోండి. రెండు రకాలుగా బిల్డ్ చేసి, రెండిట్లోనూ ఒక లేబుల్ మీద 'భూపాలపల్లి' అని టైప్ చేయండి. తేడా కనిపించాక సోర్స్‌లో ఆ రెండు మాడ్యూళ్లూ తెరిచి చదవండి. ఒక ఒత్తు కింద చేరడానికి ఎంత కోడ్ ఉందో అప్పుడు తెలుస్తుంది.