పొగ లేచు ఇంటికే కొండపై హక్కు

ఎలుకల వలన ధాన్యము పోగొట్టుకొనని రైతు మనలో అరుదు. స్పెయిన్ దేశమునకు వాయవ్య మూలనున్న గలీసియా రైతులు ఈ బాధకు రాతితో ఉపాయము కనుగొనిరి. మొక్కజొన్న కండెలు దాచు కొట్టును వారు ‘ఓర్రెయో’ అందురు. రాతి స్తంభములను నిలిపి, ఒక్కొక్క దాని తలపై వెడల్పైన చదునురాయి పెట్టి, ఆపైన కొట్టును కట్టుదురు. స్తంభమెక్కిన ఎలుక ఆ రాతి అంచును దాటలేదు. అచ్చట వాన ఎక్కువ, తేమ ఎక్కువ. అందుచే కొట్టును ఇరుకుగా కట్టి, గోడలలో సందులు విడుతురు. గాలి ఆ సందులలో ఆడి కండెలను ఆరబెట్టును. కార్నోతాలో 1768లో కట్టి 1783లో పొడిగించిన కొట్టు సుమారు 35 మీటర్ల పొడవున్నది.

గలీసియా మనిషి మెట్లపై కనబడినచో ఎక్కుచున్నాడో దిగుచున్నాడో తెలియదని తక్కిన స్పెయిన్ వారు హాస్యమాడుదురు. ఏమడిగినను తిరిగి ప్రశ్నయే వేయునట! వానను నమ్ముకొన్న రైతును ‘ఈ యేడు పంట ఎట్లుండును?’ అని అడిగి సూటి జవాబు పొందిన వ్యవసాయోద్యోగి ఎవరైన ఉన్నారా?

తరతరముల పంపకములతో అచ్చటి పొలములు చిన్న చిన్న ముక్కలైనవి. బ్రతుకుతెరువుకై మగవారు క్యూబాకు, అర్జెంటీనాకు ఓడలెక్కిరి. స్త్రీలే ఆవులను కాడికి కట్టి దున్నిరి. కవయిత్రి రొసాలియా దె కాస్త్రో 1880 నాటి తన సంపుటిలో ఒక భాగమునకు ‘బ్రతికియున్నవారి వితంతువులు, చనిపోయినవారి వితంతువులు’ అని పేరు పెట్టినది ఇట్టి స్త్రీలను తలచియే.

ఆ చిన్న కమతములను నిలిపినది ఊరి ఉమ్మడి కొండ. కొండమీద ‘తోషో’ అను పసుపుపూల ముళ్లపొద పెరుగును. దానిని కోసి పశువుల కొట్టములో పరచెడివారు. పేడతో కలిసి మాగిన ఆ పరుపే చేనికి ఎరువు. 1940 తరువాత ప్రభుత్వము అనేక కొండలను తన చేతిలోనికి తీసికొని పైన్ చెట్లు నాటించగా, మేతయు ఎరువును పోయి రైతులు చాల ఇబ్బంది పడిరి. 1968 నాటి చట్టముతో ఆ కొండలు క్రమముగా ఊరివారికి తిరిగి వచ్చినవి.

ఈ ఉమ్మడి కొండను అమ్మరాదు, పంచుకొనరాదు, తాకట్టు పెట్టరాదు. హక్కు వారసత్వముగా రాదు. ఊరిలో ఇల్లు తెరచి, పొయ్యి వెలిగించి, పొగ లేచుచున్న కుటుంబమునకే హక్కు. ఊరు విడిచినవానికి అది పోవును; కొత్తగా వచ్చి కాపురమున్నవానికి వచ్చును. నాకు ఇంతకంటె న్యాయమైన భూమి కట్టుబాటు తెలియదు.

కాని నేడు యువకులు సముద్రతీర పట్టణములకు తరలిపోగా లోపలి ఊళ్లలో పొగ లేచు ఇండ్లు తగ్గినవి. కోయువారు లేక పొదలు ఏపుగా పెరిగి, ఎండకాలమున అంటుకొనుచున్నవి. 2006, 2017, 2025 సంవత్సరములలో మంటలు ఘోరముగా చెలరేగినవి. ఇప్పటికిని కొన్ని కొండలపై స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱములు ఆ ముళ్లపొదనే మేయుచున్నవి. అవి మేసిన మేరకు మంటకు మేత తగ్గుచున్నది.