నల్లటి విరేచనం – దాగి ఉన్న రక్తనాళం



భిలాయి క్యాంప్ 1లో పెరిగిన వారికి తారు సంగతి చెప్పనక్కరలేదు. ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్లలో బొగ్గు నుంచి వచ్చేదే అది. నల్లగా, జిగటగా ఉంటుంది. విరేచనం అదే తీరున, దుర్వాసనతో వస్తే జీర్ణకోశం పైభాగంలో రక్తం కారుతోందని అనుమానించాలి. ఆమ్లం, బాక్టీరియా చర్యవల్ల హిమోగ్లోబిన్ మారి ఆ నలుపునిస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లబడుతుంది గాని ఇంత జిగట ఉండదు. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

ఎక్కువ మందిలో కారణం పుండ్లు, లేదా కాలేయవ్యాధిలో ఉబ్బిన సిరలు. ఒళ్ళునొప్పులకు రోజూ మింగే మాత్రలు కూడా పుండ్లు తెస్తాయి. ఇవి ఎండోస్కోపీలో సాధారణంగా కనిపిస్తాయి. చిక్కంతా కనిపించని వాటితోనే.

1898లో ఫ్రెంచి వైద్యుడు డ్యులఫ్వా వివరించిన వ్యాధి అలాంటిది. జీర్ణాశయపు లోపలి పొరను చేరేసరికి ధమనులు సన్నబడాలి. ఈ వ్యాధిలో ఒక ధమని 1 నుంచి 3 మిల్లీమీటర్ల లావునే ఉండిపోతుంది. దాని స్పందనకు పైపొర అరిగి, సూదిమొనంత చోట చిట్లుతుంది. చుట్టూ పుండు ఉండదు. మోటారు ఆపేశాక పైపు ఎక్కడ కారుతోందో ఎలా తెలియదో, రక్తం ఆగాక ఇదీ అంతే! అందుకే ఒకసారి చూసి ఏమీ లేదన్నా, మళ్ళీ రక్తం పడితే మళ్ళీ చూడాలి. ఆహారవాహిక కలిసే చోటు నుంచి 6 సెంటీమీటర్ల లోపు మరీ శ్రద్ధగా వెతుకుతారు.

ముందు సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కించి రోగిని నిలబెడతారు. సాధారణంగా 24 గంటల్లోపు ఎండోస్కోపీ చేసి, చిట్లిన నాళాన్ని చిన్న క్లిప్పుతో బిగిస్తారు. లొంగకపోతే తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి నాళాన్ని మూసివేస్తారు. శస్త్రచికిత్స ఆఖరిది. (భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది, వంగే గాజు పోగుల ఎండోస్కోపును హిర్షోవిట్జ్ రూపొందించింది అంతకు రెండేళ్ళ ముందే.)

కడుపునొప్పి, కామెర్లు, రక్తస్రావం మూడూ కలిస్తే రక్తం పైత్యరసనాళం నుంచి రావచ్చు. కాలేయానికి దెబ్బ తగిలిందా అని అడుగుతారు. బృహద్ధమనికి కృత్రిమ నాళం అమర్చిన వారిలో అది పేగుకు ఒరుసుకొని రంధ్రం పడవచ్చు. మొదట కొద్దిగా రక్తం పడి ఆగుతుంది. గంటల్లోనో రోజుల్లోనో ఉధృతంగా వస్తుంది. కనుక ఎన్నేళ్ళ నాటి ఆపరేషనైనా సరే, ఆసుపత్రికి వెళ్ళగానే డాక్టరుకు చెప్పండి. వెంటనే సి.టి. యాంజియోగ్రఫీ చేయించాలో లేదో ఆయన దానినిబట్టి నిర్ణయిస్తారు.