ఎల్మ్ ఆకులో దాగిందెవరు?

ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రైటన్ నగరం. ఎండలు కాస్తున్న జులై. ఎల్మ్ చెట్టు దిగువ కొమ్మ నుంచి ఒక ఆకు తుంచి వెలుగుకు ఎత్తి పట్టండి. పచ్చదనం మధ్య ఒక పాలిపోయిన గీత కనిపిస్తుంది. వెంట్రుకంత సన్నగా మొదలై, మెలికలు తిరుగుతూ లావెక్కుతుంది. దాని నడుమ కాటుకతో గీసినట్టు ఇంకో నల్లగీత. అది పురుగు వేసిన పెంట. లావుపాటి కొసన, ఆకు రెండు పొరల మధ్య, బియ్యపు గింజ కన్నా చిన్న పురుగు తలవంచుకుని మేస్తూ ఉంటుంది.

మన రైతులు టమాటా ఆకు మీద ఇలాంటి గీతల్ని చూసి ‘పాముపొడ’ అంటారు. టమాటా మీద ఆ పని చేసేది ఈగ పిల్ల. ఎల్మ్ మీద ఎక్కువగా చిమ్మటల పిల్లలు. రెక్కలొచ్చాక వాటిలో కొన్ని రెక్కలు చాపినా అర సెంటీమీటరు దాటవు. అంత చిన్నదాన్ని ఎగురుతుండగా చూసి పేరు చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే తెలిసినవాళ్లు పురుగు కంటే ముందు ఆకును చదువుతారు.

అన్నిటికన్నా ముందు చెట్టును పోల్చుకోవాలి. తప్పులు మొదలయ్యేది ఇక్కడే. హేజెల్ ఆకు కూడా ఎల్మ్ ఆకులాగే రంపపు అంచుతో ఉంటుంది, దాన్ని తొలిచే పురుగులు వేరే ఉన్నాయి. ఎల్మ్ ఆకుకు తొడిమ దగ్గర రెండు పక్కలూ సమంగా ఉండవు, ఒకటి కిందికి జారి ఉంటుంది. ఆ వంకర కనిపిస్తే సగం దారి దాటినట్టే.

తర్వాత సొరంగం తీరు చూడాలి. గీతలా సాగితే స్టిగ్మెల్లా జాతి కావచ్చు. ఆకు అడుగున బొబ్బలా ఉబ్బి, ముడతపడి ఉంటే ఫిల్లోనోరిక్టర్. ఈ రెండో రకం పురుగు లోపల పట్టుదారాలు అల్లుతుంది. అవి ఆరి బిగుసుకునేకొద్దీ ఆకు గుడారంలా ముడుచుకుంటుంది. రెండు ఈనెల మధ్య పొడుగ్గా సాగిన బొబ్బ ట్రిస్ట్రిగెల్లాది, పొట్టిగా గుండ్రంగా ఉన్నది ష్రెబరెల్లాది. ఫిల్లోనోరిక్టర్ ప్యూపాగా మారేదీ ఆ గుడారంలోనే. స్టిగ్మెల్లా అలా కాదు, మేత ముగియగానే ఆకుకు చీలిక పెట్టి బయటపడి, వేరేచోట గూడు కట్టుకుంటుంది.

గీతల్లో ఒకటి చూడగానే తెలిసిపోతుంది. సొరంగం మడత మీద మడతపడి, పేగుల చుట్టలా ఇరుకు చోటులో ఇమిడి ఉంటుంది. 1853లో కీటక శాస్త్రవేత్త హెన్రీ టిబ్బట్స్ స్టెయిన్‌టన్ దానికి పేగులను గుర్తుచేసే లాటిన్ మాటతో ‘విస్సెరెల్లా’ అని పేరు పెట్టాడు. ఇంతకంటే సరిపోయే పేరు నాకు తోచదు. ఇలాంటి చిన్న చిమ్మటల కోసమే ఆయన 1855 నుంచి 1873 వరకు 13 సంపుటాల గ్రంథం వెలువరించాడు. అదీ ఇంగ్లిషు, ఫ్రెంచి, జర్మన్, లాటిన్ నాలుగు భాషల్లోనూ!

చిక్కంతా స్టిగ్మెల్లాల్లోనే లెమ్నిసెల్లా, ఉల్మివోరా అనే రెంటి దగ్గర. ఖాళీ సొరంగాలు చూసి వీటిని విడదీయడం కష్టం. పురుగు లోపల ఉంటే మాత్రం దారి ఉంది. భూతద్దం పెట్టి పొట్టవైపు చూస్తే ఉల్మివోరాకు ముదురు చుక్కల వరస ఉంటుంది. పసుపు రంగు లెమ్నిసెల్లాకు అది ఉండదు. పురుగు వెళ్లిపోయాక ఆకు దొరికితే, పేరు రాయకుండా వదిలేయడమే నిజాయితీ. తప్పు పేరు రాస్తే, ఆ చిమ్మట లేనిచోట ఉన్నట్టు లెక్కల్లోకి ఎక్కుతుంది.

ఈ పట్టింపు అక్కరలేని చాదస్తం కాదు. 1960ల చివర్లో విజృంభించిన డచ్ ఎల్మ్ తెగులు బ్రిటన్‌లో రెండున్నర కోట్లకు పైగా చెట్లను బలితీసుకుంది. ఇప్పుడక్కడ ఎల్మ్ చాలాచోట్ల కంచెల్లో వేరు పిలకలుగానే బతుకుతోంది. కాండం కాస్త లావెక్కగానే తెగులు మోసే పెంకుపురుగు మళ్లీ వాలుతుంది. తెగులు సోకిన చెట్లను వెంటవెంటనే నరికించి కాపాడుకున్న బ్రైటన్‌లో సుమారు 17,000 చెట్లు మిగిలాయి. ఎల్మ్ తప్ప వేరే ఆకు ముట్టని చిమ్మటల బతుకు ఆ చెట్లతోనే ముడిపడింది. వాటివల్ల చెట్టుకు చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు.

ఎల్మ్‌కు మన దగ్గర చుట్టం ఉంది, నెమలినార చెట్టు. స్టెయిన్‌టన్‌కూ మనతో బంధుత్వం ఉంది. నిమ్మ, బత్తాయి లేత ఆకుల్లో వెండి గీతలు గీసే పురుగుకు 1856లో పేరు పెట్టింది ఆయనే, కలకత్తా నుంచి వచ్చిన నమూనాలు చూసి. మీ పెరట్లో నిమ్మచెట్టు ఉంటే, మందు డబ్బా అందుకునేముందు ఒక లేత ఆకును వెలుగుకు పట్టి చూడండి. లావుపాటి కొసన పురుగు ఇంకా ఉందో, వెళ్లిపోయిందో తెలుస్తుంది.