చనిపోయినవారు ఎక్కడున్నారు? క్రైస్తవులు నమ్మేదేమిటి?

మా వసతి గృహంలో రాత్రి స్టడీ అవర్ అయ్యాక, లైట్లు తీసేలోపు జరిగే చర్చల్లో క్రికెట్టు, సినిమాల తరువాత ఎక్కువసార్లు వచ్చేది చావు గురించే. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. ఎ.కొండూరు మండలం సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ కనపడదు. ఇక్కడి తండాల్లో, పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్ళలో పెద్దదిక్కును తీసుకుపోయింది. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళు అడిగే ప్రశ్నలు పరీక్ష పేపర్లో ప్రశ్నల్లాంటివి కావు. "మా నాన్న ఇప్పుడు ఎక్కడున్నట్టు?" "మా తాత బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడు, ఆయన నరకానికేనా?" "ఈ రోగం మా ఇంటికే ఎందుకొచ్చింది, దేవుడి శిక్షా?"

మాలో ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవారు చాలామంది. సేవాలాల్ మహరాజ్‌ను కొలిచే తండా మిత్రులు, దసరాకు, రంజాన్‌కు ఇంటికి పరుగెత్తేవారూ ఉన్నారు. ఎవరినో ఎటో తిప్పుదామని ఈ వ్యాసం రాయడం లేదు. తోటివాడి ఇంట్లో చావు జరిగినప్పుడు అక్కడ చదివే మాటలకు అర్థమేమిటో అందరికీ తెలియాలని మా ఉద్దేశం. భూస్థాపనల్లో విన్నదీ, బైబిలు తెరిచి చూసుకున్నదీ కలిపి రాస్తున్నాం.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. మనకు స్వర్గం, నరకం అనే మాటలు పురాణాల నుంచి, నాటకాల నుంచి, యమలోకం చూపించిన సినిమాల నుంచి వచ్చాయి. ఆ లెక్కలో పుణ్యం ఉన్నంతకాలం స్వర్గం, అది అయిపోగానే మళ్ళీ భూమి మీద పుట్టడం. చిత్రగుప్తుడి చిట్టా, యముడి పాశం సరేసరి. మా జూనియర్లలో సగంమంది ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో గ్రంథాలు తెరిచే ఘట్టాన్ని చిత్రగుప్తుడితోనే పోల్చుకుంటారు. పోలిక కొంతవరకే కుదురుతుంది. క్రైస్తవ నమ్మకంలో పునర్జన్మ లేదు. మనిషి ఒకసారే పుడతాడు, ఒకసారే చస్తాడు, తరువాత తీర్పు ఉంటుందని హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం చెబుతుంది. తెలుగు బైబిలులో స్వర్గం అనే మాట కంటే 'పరలోకము' అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. పాతాళం వేరు, నరకం వేరు. పాతాళం చనిపోయినవారుండే చోటు. నరకం అని తెలుగులో రాసినచోట యేసు వాడిన మాట గెహెన్నా. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు. పూర్వం అక్కడ పిల్లలను అగ్నికి బలి ఇచ్చారని పాత నిబంధన చెబుతుంది. అంతటి భయంకరమైన చోటు పేరే ఆఖరి శిక్షకు పేరైంది.

చాలామంది క్రైస్తవులే సరిగా చెప్పలేని సంగతి మరొకటి ఉంది. మనిషి పోగానే ఆత్మ పైకి ఎగిరిపోతుంది, అంతటితో కథ ముగిసింది అనుకుంటారు. ఆదివారం ఆరాధనలో పలికే అపొస్తలుల విశ్వాస ప్రమాణం చివర ఉన్నది ఆత్మ ఎగిరిపోవడం కాదు, శరీరం తిరిగి లేవడం. 1 కొరింథీయుల 15వ అధ్యాయం నిండా పౌలు వాదించేది దాని గురించే. గింజ మట్టిలో పడి చచ్చాకే మొక్క వస్తుంది, పాతింది ఒక రూపం, లేచేది మరో రూపం అని ఆయన వ్యవసాయం తెలిసినవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాడు. వరి నారు పోసిన మా ఇళ్ళల్లో దీనికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. అందుకే క్రైస్తవులు శవాన్ని పూడ్చడాన్ని 'భూస్థాపన' అన్నారు. ఇంగ్లీషులో శ్మశానానికి వాడే 'సెమెటరీ' అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి నిద్రపోయే చోటు అని అర్థం. గోడల మీద అంటించే పోస్టర్లలో "ప్రభువునందు నిద్రించిరి" అని ఉండేది అందుకే.

ఈ శరీరం మాట మన పేటల్లో ఎందుకు అంతగా నాటుకుందో మాకు ఒకటి తోస్తుంది. ఏ శరీరాన్ని ఊరు తాకనన్నదో, ఏ శరీరం పోయాక కూడా వేరే శ్మశానానికే వెళ్ళాల్సి వచ్చిందో, ఆ శరీరాన్నే దేవుడు మహిమతో లేపుతాడని విన్నవాళ్ళకు అది చిన్న మాట కాదు. 1859లో రాఘవాపురం వద్ద పగోలు వెంకయ్య మొదలుకొని కృష్ణా ప్రాంతపు పల్లెల్లో మాలలు, తరువాత మాదిగలు క్రైస్తవంలోకి వచ్చిన చరిత్రకు చాలా కారణాలు చెబుతారు. చదువు, కరువు, గౌరవం అన్నీ నిజమే. సమాధి దగ్గర దొరికిన గౌరవాన్ని కూడా ఆ లెక్కలో వేయాలంటాం మేము.

ఇక మొదటి ప్రశ్న: మా నాన్న ఇప్పుడు ఎక్కడున్నాడు? ఇది కొత్త ప్రశ్న కాదు. క్రీ.శ. 50 ప్రాంతంలోనే థెస్సలొనీకలోని విశ్వాసులు ఇదే అడిగారు. యేసు తొందరలో తిరిగి వస్తాడనుకుని ఎదురుచూస్తుండగా వాళ్ళలో కొందరు చనిపోయారు. మరి వాళ్ళకు ఆ రోజు తప్పిపోయినట్టేనా అని మిగిలినవాళ్ళు దిగులుపడ్డారు. పౌలు వాళ్ళకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో జవాబిచ్చాడు. చనిపోయినవాళ్ళు వెనకబడరు, ముందుగా లేచేది వాళ్ళే అన్నాడు. గమనించండి, ఏడవద్దు అని ఆయన అనలేదు. ఆశ లేనివాళ్ళలా ఏడవద్దు అన్నాడు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్ళు పెట్టుకున్నాడని యోహాను 11లో ఉంది. కొందరు బోధకులు శవం దగ్గర "ఏడిస్తే విశ్వాసం లేనట్టే" అని పిల్లలను గద్దిస్తారు. వాళ్ళు ఈ అధ్యాయాన్ని ఇంకోసారి చదివితే బాగుంటుంది.

చావుకూ పునరుత్థానానికీ మధ్య కాలంలో ఏమవుతుందన్న దగ్గర సంఘాలు విడిపోతాయి. ఒకే డార్మిటరీలో ఆర్.సి.ఎం., సి.ఎస్.ఐ., పెంతెకోస్తు పిల్లలు ఉంటారు కాబట్టి మా దగ్గర గొడవ వచ్చేది ఇక్కడే.

కతోలికులు రెండు తీర్పులు చెబుతారు. మనిషి పోయిన క్షణంలోనే అతనికి విడిగా ఒక తీర్పు, లోకాంతంలో అందరికీ కలిపి మరొకటి. దేవుని స్నేహంలో పోయినా ఇంకా శుద్ధి కావలసినవాళ్ళు 'ఉత్తరించు స్థలం'లో ఉంటారని, వాళ్ళకోసం దివ్యబలి పూజ చేయించవచ్చని నమ్ముతారు. నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేది దీనివల్లే. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టువారు ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోరు. విశ్వాసి ఆత్మ వెంటనే ప్రభువు సన్నిధికి చేరుతుందంటారు. సిలువ మీద దొంగకు ఆ రోజే పరదైసు దొరికిందన్న లూకా 23 వారి ఆధారం. అయినా సమాధుల పండుగనాడు వాళ్ళలోనూ చాలామంది సున్నం బకెట్టు పట్టుకునే కనపడతారు. చచ్చిపోయిన అమ్మ దగ్గర కొవ్వొత్తి పెట్టడానికి సిద్ధాంతం ఎవరికి అడ్డం?

నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రిని స్థాపించిన సెవెంత్ డే అడ్వెంటిస్టులది ఇంకో మాట. చనిపోయినవాళ్ళకు ఏమీ తెలియదని, లేపే రోజు వరకు గాఢనిద్రలాంటి స్థితి అని వారి బోధ. పెంతెకోస్తు, బ్రదరన్ సంఘాల్లో ఎక్కువగా వినిపించేవి ఎత్తబడుట, ఏడేండ్ల శ్రమలు, వెయ్యేండ్ల పాలన, ధవళ సింహాసన తీర్పు. ఈ వరుసక్రమాన్ని ఇలా పేర్చి చెప్పడం 19వ శతాబ్దంలో ఐర్లండు, ఇంగ్లండులలో పనిచేసిన జాన్ నెల్సన్ డార్బీ బోధతో బాగా వ్యాపించింది. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు దాన్ని ఇంకా దూరం తీసుకుపోయింది. కూటాల్లో కట్టే పెద్ద బొమ్మల చార్టులు దాని సంతానమే. తేదీలు చెప్పేవారిని మాత్రం నమ్మనక్కర్లేదు. ఆ దినం ఎవరికీ తెలియదని యేసే మత్తయి 24లో చెప్పాడు.

తీర్పు సంగతికి వద్దాం. తమ్ముళ్ళను ఎక్కువ భయపెట్టేది ఇదే. "రోగం శిక్షే" అని ఊళ్ళో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఏదో పాపం లేకపోతే ఒకే ఇంట్లో ఇద్దరు కిడ్నీలు పాడై పోతారా అని వరండాలో గుసగుసలు. దీనికి యేసు సూటిగా జవాబిచ్చిన చోట్లు రెండున్నాయి. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిన సంఘటన ఆయన ఎత్తుకున్నాడు. వాళ్ళు యెరూషలేములో మిగిలిన వాళ్ళకంటే పాపులా అని అడిగి, కాదన్నాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపం, ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు. యోబు గ్రంథం మొత్తం ఇదే వాదన. యోబు స్నేహితులు నీ పాపమే కారణమని అధ్యాయాలకు అధ్యాయాలు ఉపన్యసిస్తారు. చివరికి దేవుడు కోపగించుకున్నది ఆ స్నేహితుల మీద. కాబట్టి మీ ఇంటి రోగాన్ని ఎవరైనా తీర్పు అంటే వాళ్ళు బైబిలు పక్షాన మాట్లాడటం లేదు. కారణం వెతకాల్సింది నీటిలో, ఆహారంలో, పనిలో, వైద్య పరీక్షల్లో.

మరి క్రైస్తవం చెప్పే అసలు తీర్పు దేని మీద? మత్తయి 25 చివర ఆ దృశ్యం ఉంది. గొర్రెలను, మేకలను కాపరి వేరు చేసినట్టు జనాన్ని వేరు చేస్తాడు. అక్కడ అడిగే ప్రశ్నలు ఇవి: ఆకలిగొన్నవాడికి పెట్టావా, దప్పిగొన్నవాడికి నీళ్ళిచ్చావా, పరదేశిని చేర్చుకున్నావా, బట్ట ఇచ్చావా, రోగిని, ఖైదీని చూడబోయావా. నువ్వే సంఘం వాడివి అన్న ప్రశ్న ఆ దృశ్యంలో లేదు. రెండు వైపుల వాళ్ళూ ఆశ్చర్యపోతారు, నిన్నెప్పుడు చూశాం ప్రభువా అంటారు. లూకా 16లో ధనవంతుడు చేసిన నేరమూ అలాంటిదే. గుమ్మంలో పడి ఉన్న లాజరును అతను కొట్టలేదు, తిట్టలేదు, పట్టించుకోలేదు అంతే. (ఈ లాజరు, యేసు లేపిన లాజరు ఒకరు కాదు. బైబిలు క్విజ్‌లో ప్రతి ఏడూ మార్కులు పోయేది ఇక్కడే.) తాగే నీళ్ళనే అనుమానంగా చూసుకునే తండాలున్న మండలంలో ఆ రెండో ప్రశ్న మాకు వేరేగా వినిపిస్తుంది.

దీనర్థం మంచి పనులతో పరలోకం కొనుక్కోవచ్చని కాదు. రక్షణ దేవుని కృప వల్లే అని అన్ని సంఘాలూ అంటాయి. విశ్వాసానికీ క్రియలకూ ఉన్న లంకె ఏమిటన్న దాని మీద 1517 నుంచి వాదులాడుకుంటూనే ఉన్నారు. అది ఇక్కడ తేలేది కాదు.

తాత ప్రశ్న మిగిలింది. బాప్తిస్మం లేకుండా, యేసు పేరు సరిగా వినకుండానే పోయినవాళ్ళ గతేమిటి? కఠినంగా చెప్పే బోధకులు ఉన్నారు, వారికీ వచనాలు ఉన్నాయి. యోహాను 3, అపొస్తలుల కార్యములు 4 చూపిస్తారు. రోమా పత్రిక 2వ అధ్యాయంలో పౌలు మాత్రం ధర్మశాస్త్రం లేనివారి మనస్సాక్షే వారికి సాక్షి అంటాడు. 1964లో రెండవ వాటికన్ మహాసభ, తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరుగనివారు నిజాయితీగా దేవుణ్ణి వెదికి మనస్సాక్షి ప్రకారం నడిస్తే రక్షణ పొందగలరని ప్రకటించింది. బాప్తిస్మం లేకుండా పోయిన పసిపిల్లల విషయంలో ఆశ పెట్టుకోవచ్చని 2007లో వాటికన్ వేదాంత సంఘం ఒక పత్రం వెలువరించింది. ప్రొటెస్టెంటుల్లో అనేకులు, తీర్పు తీర్చేది దేవుడే గనుక ఫలానావాడు నరకంలో ఉన్నాడని ఏ మనిషీ చెప్పడానికి లేదంటారు. మాకు ఈ మాటే న్యాయంగా తోస్తుంది. సిలువ మీద దొంగ ఆఖరి గడియలో అన్నది ఒక్క మాట. అది పక్కన ఉన్నవాళ్ళు విన్నారు కాబట్టి మనకు తెలిసింది. వినబడని మాటలు ఎన్ని ఉంటాయో.

చివరగా, సమాధి లేనివారి గురించి ఒక తమ్ముడు అడిగాడు. దహనం చేసినవాళ్ళు లేవరా అని. కతోలిక సంఘం 1963లో దహనానికి ఉన్న నిషేధాన్ని సడలించింది. పూడ్చడమే ఇప్పటికీ మేలంటుంది గానీ కాల్చడం పాపం అనదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయారు. పేరు కూడా తెలియని శవాలను గుట్టలుగా కాల్చాల్సి వచ్చింది. కొన్ని సముద్రంలోనే ఉండిపోయాయి. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో మృతులను అప్పగించేవాటి వరుసలో మరణానికీ పాతాళానికీ ముందు చెప్పిన పేరు సముద్రానిదే.