మొండి కాదు, మోత పడదు

మధ్యాహ్న భోజనం గంట కొడతారు. తరగతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. స్టీలు పళ్లేల చప్పుడు రేకుల కప్పుకు తగిలి రెట్టింపవుతుంది. ఉడికిన గుడ్ల వాసన వరండా అంతా కమ్ముకుంటుంది. రెండో తరగతి పిల్లాడొకడు చెవులు మూసుకుని గోడవారకు జరుగుతాడు. వెనకవాడి మోచెయ్యి తగలగానే వాణ్ని తోసేస్తాడు. సారు కోప్పడతాడు, ఇంట్లో నాన్న రెండు తగిలిస్తాడు. మర్నాడు బడి అనగానే వాడికి కడుపునొప్పి.

ఇలాంటి పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వీళ్లలో కొందరి ఇబ్బంది గుణంలో లేదు, ఇంద్రియాలు తెచ్చే కబుర్లను మెదడు సర్దుకునే తీరులో ఉంది.

మనకు తెలిసినవి ఐదు ఇంద్రియాలే అయినా, మెదడుకు మరో మూడు దారుల్లో కబుర్లు అందుతాయి. లోపలి చెవి ఒంటి సమతూకం గురించి చెబుతుంది. కండరాలు, కీళ్లు చెయ్యి ఎక్కడుందో, ఎంత బలం పెడుతున్నామో చెబుతాయి. ఆకలి, దాహం, మూత్రం వంటివి ఒంటి లోపలి నుంచి తెలుస్తాయి. ఇన్నిటిలో పనికొచ్చేది ఉంచుకుని మిగతాది మెదడు జల్లెడ పట్టేస్తుంది. పొద్దున తొడిగిన చొక్కా కాసేపటికే మనకు గుర్తుండకపోవడం అందుకే. కొందరు పిల్లలకు ఈ వడపోత సరిగా సాగదు. కాలరు దగ్గరి లేబులు సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంటుంది.

దీన్ని లోతుగా పట్టించుకున్నది అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏర్స్. 1972లో వచ్చిన ఆమె పుస్తకం ఈ రంగానికి పునాది వేసింది. ఈ ఇబ్బంది మూడు రకాలుగా బయటపడుతుంది. కొందరికి చిన్న చప్పుడు, తేలికపాటి తాకిడి కూడా ఎక్కువే. కొందరికి పిలిచినా, దెబ్బ తగిలినా వెంటనే తెలియదు. ఇంకొందరు గిరగిరా తిరుగుతారు, దూకుతారు, అన్నీ తడుముతారు. ఒకే పిల్లలో రెండు రకాలూ కలిసి ఉండొచ్చు.

ఇది విడి జబ్బా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. దీన్ని ప్రత్యేక వ్యాధిగా నిర్ధారించవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో సూచించింది. మరుసటి ఏడాది వచ్చిన మానసిక వైద్య నిర్ధారణ గ్రంథం ఈ లక్షణాలను ఆటిజంలో ఒక భాగంగా చేర్చింది. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నాయి. ఇంద్రియాల ఇబ్బంది ఒక్కటే ఉంటే సర్టిఫికెట్ రాదు. అయితే చెవులు మూసుకునే పిల్లాడికి సాయం చేయడానికి సర్టిఫికెట్ దాకా ఆగక్కర్లేదు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, రాయచూరు సరిహద్దున ఉన్న గట్టు మండలంలో ఈ సంగతి మరింత గమనించాలి. చదువులో వెనకబడిన మండలమని దీనికి పేరు. నీతి ఆయోగ్ 2023లో మొదలుపెట్టిన ఆకాంక్షిత బ్లాకుల జాబితాలోనూ ఉంది. సీడ్ పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ రోజుల్లో ఇక్కడ పిల్లలు బడి మానడం పాత గోడు. అందుకే హాజరు పట్టీలో గైర్హాజరు కనిపిస్తే అందరూ చేను వైపే చూస్తారు. బడి మోతకు జడిసి ఆగిపోయిన పిల్ల ఆ లెక్కలో కలిసిపోతుంది. అమ్మానాన్నలు తెల్లారకముందే చేనికి పోతే, పిల్లను రోజంతా చూసేది ఇంట్లో అవ్వ. ఏది పడదో, ఎప్పుడు ఏడుస్తుందో ఆమెనే అడగాలి.

ఇంట్లో చేయదగినవి తేలికైనవే. కొత్త యూనిఫాం నాలుగైదుసార్లు ఉతికి తొడగండి, లేబులు కత్తిరించండి. తల దువ్వే ముందు, నీళ్లు పోసే ముందు మాట చెప్పండి. మెల్లగా నిమిరితే ఉలిక్కిపడే పిల్లలు కొందరు గట్టిగా అదిమి నూనె రాస్తే కుదుటపడతారు. కండరాలకు పని తగిలినా చాలామంది నెమ్మదిస్తారు. నడిగడ్డ ఇళ్లలో అందుకు జొన్నరొట్టె ఉండనే ఉంది. పిండి పిసికి, అరచేత్తో తట్టి రొట్టె చేయడం చేతులకూ భుజాలకూ మంచి కసరత్తు. చిన్న బిందెతో నీళ్లు తేవడం, బియ్యం డబ్బా జరపడం అలాంటివే. ఉయ్యాల ఊపితే కొందరు శాంతిస్తారు. కానీ చీర ఉయ్యాలలో పిల్లను ఒంటరిగా వదలకూడదు. మెత్తటి కూర పడని పిల్ల నోట్లో బలవంతంగా కుక్కవద్దు. పళ్లెంలో ఓ పక్కన ఉంచి, ముట్టుకుంటే చాలనుకోండి. జమ్ములమ్మ జాతరకు తీసుకెళ్తే డప్పులకు దూరంగా నిలబడే చోటు ముందే చూసుకోండి.

బడిలో ఉపాధ్యాయులు చేసేదీ ఖర్చులేనిదే. చప్పుడు పడని పిల్లను గంటకూ తలుపుకూ దూరంగా కూర్చోబెట్టాలి. గంట కొట్టే ముందు ఒక సైగ చేయాలి. ప్రార్థనలోనూ భోజనం వరుసలోనూ చివర నిలబెడితే వెనక నుంచి తోపులాట ఉండదు. కుదురులేని పిల్లకు బోర్డు తుడవడం, నోట్‌పుస్తకాల కట్ట మోయడం అప్పగించాలి. తరగతిలో ఒక మూల ప్రశాంతంగా కూర్చునే చోటు ఉండాలి. దాన్ని శిక్షగా మాత్రం వాడకూడదు.

అన్నిటినీ ఇంద్రియాల ఖాతాలో వేయడమూ తప్పే. పిలిస్తే పలకని పిల్లకు ముందు చెవి పరీక్ష చేయించాలి. మట్టి తినే పిల్లకు రక్తహీనత ఉందేమో చూడాలి. మాటలు ఆలస్యమైనా, వచ్చిన మాటలు పోయినా ఆగకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వస్తాయి. ఎదుగుదలలో ఆలస్యాన్ని గుర్తించడం వాళ్ల పనుల్లో ఒకటి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. పెద్ద పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది.

ఇంద్రియాల ఇబ్బందికి థెరపీ పేరుతో వేలు గుంజేవాళ్ల దగ్గర జాగ్రత్త. బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పిల్లలపై జరిగిన పెద్ద పరిశీలన 2022లో వెలువడింది. మామూలుగా అందే సాయం కంటే ఈ థెరపీతో పిల్లల చిరాకు ఎక్కువగా తగ్గిన దాఖలా అందులో కనబడలేదు. కొందరికి థెరపీ పనికిరావచ్చు, కానీ పిల్ల చుట్టూ ఉన్న మోతనూ తోపులాటనూ తగ్గించడం ఎవరైనా రేపే మొదలుపెట్టవచ్చు. కాబట్టి తల్లిదండ్రులారా, సార్లూ, మేడములూ, మీ పిల్ల మొండికేసిన ప్రతిసారీ బెత్తం అందుకునే ముందు ఒక వారం పాటు రాసిపెట్టండి: ఏ వేళ, ఏ చోట, ఏ చప్పుడుకు, ఏ వాసనకు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలకు జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది.